మాసిన పన్ను

రామలింగం ఆ పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి పళ్ల డాక్టరుకు నోరు చూపించుకోవాలి, నాలుగింటికి రథం ముందు సన్నాయి పట్టాలి. లాల్‌దర్వాజ పక్క సందులోని గుడిలో ముప్ఫై ఏళ్లుగా ఆయనదే సన్నాయి. దసరా ముందు బస్సు మెట్టు మీద జారి పై ముందుపళ్లు రెండూ రాలిపోయాక ఊపిరి నిలవడం మానేసింది. ఈ రథోత్సవానికి ఊదకపోతే ఇకపై టేపే పెడతామని గుడి కార్యదర్శి వామన్‌రావు తేల్చేశాడు. పాత లౌడ్‌స్పీకర్ గొట్టం ఒకటి కూడా కొన్నాడు. టేపు ఒకసారి గుళ్లోకి వస్తే మళ్లీ బయటికి పోదని రామలింగం దిగులు.

"గా వాపు సారుకు సక్కగ చూపియ్యి," అని చెప్పి, గుడి ఇత్తడి సామాను తోమే ఆయన భార్య కాశమ్మ తన పనికి తాను వెళ్లిపోయింది.

డాక్టరు అమరనాథ్ పరిశోధనకు రామలింగం తన నోరప్పగించి నాలుగు నెలలైంది. డాక్టరు ఆయన దవడలో రెండు మరలు బిగించి, వాటి మీద రెండు లోహపు పళ్లు నిలబెట్టాడు. కుడిది తళతళలాడే స్టీలు. ఎడమది స్వీడన్ నుంచి తెప్పించిన టైటానియం, చూడ్డానికి మాసిన గిన్నెలా ఉంటుంది.

"క్రిములు గరుకుగా ఉన్నచోట గుంపుగా పట్టుకుంటాయి, నునుపుగా ఉంటే అంతగా నిలవవు," అని డాక్టరు అప్పుడే చెప్పాడు. "అవి పేరుకుంటే ఒళ్లు వాటి మీద యుద్ధానికి దిగుతుంది, చిగురు వాస్తుంది. ఏ లోహానికి ఎంత వాస్తుందో చూడాలి. మెత్తటి బ్రష్ తప్ప ఇంకేమీ తగలనీయకు."

ఎడమదే గెలుస్తుందని డాక్టరు నమ్మకం. వారం కిందటి దాకా గెలిచింది కూడా. ఇప్పుడు ఆ పక్క బుగ్గ బూరెలా పొంగింది.

"ఇంకేమైనా తేడా ఉందా?" అని ఆ పొద్దున నోట్లోకి చూస్తూ డాక్టరు అడిగాడు.

"పగటీలి పండుకొని లేస్తే నోరు పుల్లగుంటది సార్. కల్లుదేమో అనుకున్న."

"కల్లు కాదయ్యా, లోహం కరుగుతోంది!"

డాక్టరు మొహం పాలిపోయింది. విద్యార్థులను పిలిచి పన్ను మీది గీతలు, గీతల్లో కాపురం పెట్టిన పాచి చూపించాడు. టైటానియం ఒంటికి పడదని పుస్తకంలో రాసుకున్నాడు. ఎడమ పన్ను పీకి, దూది కుక్కి, నెల దాకా ఊదొద్దన్నాడు. రామలింగానికి ఏడుపొచ్చింది. నోటి నిండా దూది ఉండటంతో అది కూడా సరిగా రాలేదు.

ఒక్క పంటితోనైనా ఊదుదామని గుడికి పోయాడు. నోట్లో దూదితో మాట రాక, వామన్‌రావుకు సన్నాయి చూపించి దండం పెట్టాడు.

వామన్‌రావు కళ్లు చెమ్మగిల్లాయి. "సన్నాయి స్వామికి అప్పజెప్తున్నవా? గింత పెద్ద మనసు ఎవరికుంటది రామలింగం!"

రామలింగం తల అడ్డంగా ఊపేలోపే సన్నాయి గర్భగుడిలోకి, శాలువా ఆయన భుజాల మీదికి చేరిపోయాయి. టేపులోనే డోలు కూడా ఉంది కదా అని వామన్‌రావు డోలువాళ్లను ఇంటికి పంపేశాడు.

నాలుగింటికి టేపు నొక్కారు. గొట్టం రెండుసార్లు బుడబుడలాడి మూగబోయింది. వంచితే ఎర్రటి నీళ్లు కారాయి.

"మాసి ఉన్నదని ఇందాకనే నేను తోమిన," అంది కాశమ్మ. "చింతపండు, ఇటుకపొడి ఏసి మస్తు తోమిన. గట్లెందుకైందో!"

ఆ పులుపు రామలింగం నాలుకకు గుర్తుంది. దూది ఉమ్మేశాడు. "నా పన్ను గూడ తోమినవా?"

"తోమిన. వారం సంది, నువ్వు కల్లు తాగి నోరు తెరిచి పండుకున్నప్పుడు. పండ్లు రెండూ మెరిస్తే వామన్‌రావు సారు సన్నాయికి నిన్నే ఉంచుతడనుకున్న."

ఆమెను తిడదామనుకున్నాడు. ఆ మొహం చూశాక శాలువా కొసతో ఆమె చేతికంటిన ఇటుకపొడి తుడిచాడు.

వామన్‌రావు సన్నాయి కోసం గర్భగుడికి పరుగెత్తాడు. స్వామి పాదాల దగ్గర పెట్టింది తిరిగి ఇవ్వకూడదని పూజారి చెప్పాడు.

రథం కదిలింది. ఇత్తడి గంగాళాలు, గొట్టం, రామలింగం నోట్లో మిగిలిన స్టీలు పన్ను ఎండకు తళతళ మెరుస్తుండగా, ఆ ఏడు స్వామి చప్పుడు లేకుండా ఊరేగాడు.