గౌతమి చక్రానికి మా సంఘం చేసిన సేవ

సైకిల్ పందేలకి వెళ్ళే ఆడపిల్లకి కోచ్ అక్కర్లేదు, సన్మానం చాలు! మీరు నవ్వినా సరే, నేనీ మాట మీదే నిలబడతాను. ఈ దీవుల్లో, హాడోలో ఉన్న మా తెలుగు సన్మాన సంఘానికి కార్యదర్శిగా నాకా హక్కుంది.

మా చౌల్దారీ ఊరి గౌతమినే తీసుకోండి. గుండ్రటి ట్రాక్ మీద బ్రేకుల్లేని సైకిల్ తొక్కుతుంది. ఆసియా పోటీలకి దేశం తరఫున ఎంపికైంది. ఆ కబురు రాగానే మేం రంగంలోకి దిగి ఆమెని ప్రాక్టీసు బారినుంచి కాపాడాం. చౌల్దారీలో ఒక సభ, ఫెరార్‌గంజ్‌లో ఒకటి, బోటు యజమానులది ఇంకొకటి.

ముఖ్య అతిథి కోసం ఎండలో కూర్చోవడాన్ని మించి ఓర్పు నేర్పే శిక్షణ ఉందా? దండలు, వాటి మీద శాలువాలు, ఆ బరువు ఏ జిమ్‌లో దొరుకుతుంది? పైగా ఉపన్యాసకులందరూ తిరిగి తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చారు. ట్రాక్ అంటే అదే కదా!

నాలుగోది వీడ్కోలు సభ, ప్రయాణానికి ముందురోజు హాడోలో. సైకిల్‌ని వేదికెక్కించి పసుపు రాశాం, బొట్లు పెట్టాం, వేపరెమ్మ కట్టాం. కొత్త బోటు నీళ్ళలోకి దిగేటప్పుడు మావాళ్ళు చేసేదే ఇది. ఆ వెనక చక్రానికి చువ్వలుండవు, పళ్ళెంలా మూసేసి ఉంటుంది. మా అధ్యక్షుడు గవరయ్యగారు దాని ముందు నిలబడి కొబ్బరికాయ ఎత్తారు.

“తాతా, రుకో. అది బోటు కాదు, కార్బన్‌ది” అంది గౌతమి.

“బోటైనా సైకిలైనా ఒకటే బేటీ. ఎల్లేముందు కాయ కొట్టాల” అన్నారాయన.

కాయ పగల్లేదు. చక్రం పగిలింది.

గౌతమి ఏడ్చింది. ఆనందబాష్పాలని మైకులో ప్రకటించాం.

అలాంటి చక్రం ఈ దీవుల్లో ఇంకోటి లేదు. మెయిన్‌లాండ్ నుంచి తెప్పించే వ్యవధీ లేదు. పోటీకొచ్చిన ఓ మలేషియా పిల్ల జాలిపడి తన పాత చక్రం అరువిస్తే, దాంతోనే తొక్కింది. పతకం వెంట్రుకవాసిలో తప్పిపోయి నాలుగో స్థానంలో నిలిచింది. నాలుగు సభలకి నాలుగో స్థానం! నా వాదానికి ఇంకేం రుజువు కావాలి?

తిరిగి రాకముందే నాకు ఫోన్ చేసింది. “శాలువాలొద్దు అంకుల్. చక్రం ఒకటి కొనిపెట్టండి, బస్, అంతే చాలు” అంది. సంఘం ఆ కోరికని ఏకగ్రీవంగా మన్నించింది. మంచి ఇత్తడి చక్రం చేయించి అద్దాల పెట్టెలో పెట్టాం. కింద గవరయ్యగారి పేరు, నా పేరు చెక్కించాం.

ఆమె తిరిగొచ్చాక పెట్టిన సభలో, వేదిక మీద గౌతమి దాన్ని అందుకుని చాలాసేపు చూసింది. “తాతా, ఇది తిరుగుతాదా?” అని అడిగింది. తిరగదమ్మా, షోకేసులో పెట్టుకోవాలని గవరయ్యగారు ఓపిగ్గా చెప్పారు.

ఇప్పుడా పిల్ల మెయిన్‌లాండ్‌కి వెళ్ళి వేరే రాష్ట్రం తరఫున తొక్కుతోందట. వాళ్ళు చక్రం ఇచ్చారట, కోచ్‌ని ఇచ్చారట, ప్రాక్టీసుకి ట్రాక్ కూడా ఇచ్చారట. ఇంతవరకూ ఒక్క శాలువా కప్పలేదట. అలాంటి చోట ఎలా నెగ్గుకొస్తుందోనని మా సంఘమంతా దిగులుగా ఉంది.