కొలాచీ మీద పన్ను

ఆ శనివారం మార్లిస్ హ్రూస్కాకు ఉన్న పని ఒక్కటే: కొలాచీలు కాల్చి సాయంత్రం చర్చి విందుకు పట్టుకెళ్లడం. మధ్యలో ఆప్రికాట్ గుజ్జు పెట్టిన ఆ బన్నులు లిపా ఊళ్లో ఆమె చేసినంత మెత్తగా ఎవరికీ కుదరవు. విందులో తీపి బల్ల పెత్తనం ఇన్నేళ్లూ చూసిన ఆగ్నెస్ కూపెక్ మోకాళ్ల నొప్పులతో తప్పుకుంటోంది. ఆ పెత్తనం ఎవరికి ఇచ్చేదీ ఇవాళే చెబుతుంది. మార్లిస్ దానికోసం ఎంత కాచుకుని ఉందో దేవుడికే తెలియాలి.

మొగుడు వెర్లిన్ నెబ్రాస్కా గవర్నర్ పదవికి పోటీ చేస్తున్నాడు. ట్రాక్టర్లు అమ్ముకునే మనిషికి ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో గానీ, పుట్టింది. భూమి పన్ను సగానికి కోస్తానని రైతులకు చెప్పాడు. బడులకు డబ్బు కుమ్మరిస్తానని టీచర్లకు చెప్పాడు. ఆ డబ్బెక్కడిదని అడిగితే వానల గురించి మాట్లాడేవాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. సర్వేల్లో అతని పేరు వెతుక్కోవలసి వచ్చేది.

"ఇవాళ్టికి నీ నోరు తినడానికే వాడు," అని చెప్పి మార్లిస్ అతన్ని కూడలి హోటల్‌కు టిఫినుకు తోలింది.

అక్కడ రేడియో విలేకరి ఒకామె అతన్ని పట్టుకుని, ఆ డబ్బెక్కడిదని అడిగింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. వాన మాట ఎత్తే దారి లేకపోయింది. జామ్ రొట్టె నములుతూనే, అవసరం లేని వాటి మీద పన్ను వేస్తామని, తీపి వస్తువుల్లాంటివి చాలా ఉన్నాయని అనేశాడు.

మార్లిస్ మొదటి వాయ దించకముందే ఆగ్నెస్ ఫోన్ చేసింది. "ఏమే మార్లిస్, మీ ఆయన కొలాచీల మీద పన్నేస్తాడటగా. నీవాటి మీద కూడానా, మావాటి మీదేనా?"

మార్లిస్ వెర్లిన్‌ను ఫోన్లోనే కడిగేసింది. అతను హడలిపోయి, పండు ఉన్న తీపికి పన్ను లేదని రేడియోలో దిద్దుకున్నాడు. దాంతో గసగసాల కొలాచీలు చేసేవాళ్లు భగ్గుమన్నారు. సరే, పిండి ఉంటే పన్ను లేదన్నాడు. మరి చాక్లెట్ ఏం పాపం చేసిందని అంగడివాడు అడిగాడు. అందులో పాలున్నాయని పాడిరైతులు గుర్తు చేశారు. పాలకూ మినహాయింపే. సాయంత్రానికి చూయింగ్ గమ్ ఒక్కటే మిగిలింది.

విందులో మొక్కజొన్న రైతు ఒకాయన లేచి, గమ్‌లో ఉండేది మన మొక్కజొన్న చక్కెరేనయ్యా అన్నాడు. గమ్ కూడా పోయింది.

"మరి డబ్బెక్కడిది?" అన్నారు ఎవరో. హాలు హాలంతా వెర్లిన్ వైపు తిరిగింది. అతను పెళ్లాం వైపు తిరిగాడు.

మార్లిస్‌కు ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి ఈ మనిషి వల్ల పడ్డ అవమానమంతా ఒక్కసారి పైకి వచ్చింది. "డబ్బెక్కడిదేంటి? మన జేబుల్లోది. రోడ్డు కావాలంటే ఇవ్వాలి, బడి కావాలంటే ఇవ్వాలి. ఇవ్వలేమంటారా, గుంతల్లో బండి నడుపుకోండి, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకోండి. ఇక తినండి, చల్లారిపోతున్నాయి."

తీపి బల్లకు నీళ్లొదిలినట్టేనని మార్లిస్ అనుకుంది. ఆగ్నెస్ కుంటుకుంటూ వచ్చి, తన ఏప్రన్ విప్పి ఆమె చేతిలో పెట్టింది. "పోటీ చేయాల్సింది నువ్వే," అంది.

ఆ మాట ఊళ్లో పాకింది. బ్యాలట్ అడుగున ఒక ఖాళీ గీత ఉంటుంది. నచ్చినవాళ్ల పేరు రాసుకోవచ్చు. నవంబరులో వెర్లిన్ రాష్ట్రమంతటా చిత్తుగా ఓడాడు. లిపాలో మాత్రం ఊరు ఊరంతా ఆ గీత మీద మార్లిస్ పేరు రాసింది. వెర్లిన్‌కు పడింది ఒకే ఒక్క ఓటు.

మర్నాడు పొద్దున కాఫీ పోస్తుంటే మార్లిస్‌కు అతన్ని చూసి జాలేసింది. "పోనీలే, నీ ఓటైనా నీకు పడింది."

"నేనూ నీ పేరే రాశాను, మార్లీ. పన్ను గురించి నువ్వు చెప్పిందొక్కటే నాకు అర్థమైంది."

మార్లిస్ అతని పళ్లెంలో ఇంకో కొలాచీ వేసింది. ఆ ఒక్క ఓటు తనదని తెలిసీ, అతని పరువు కోసమే అతనిదంది. వెర్లిన్ పన్ను విధానం అర్థమై మాత్రం ఆమె కూడా వేయలేదు.