ఎనిమిదిలో కనబడని నాలుగు

ప్రభుత్వం ఏదీ మరిచిపోదు. ఓవలావు దీవిలోని పుట్టుకల నిర్ధారణ ఉపవిభాగంలో ఈ మరిచిపోకపోవడం సరిగ్గా ఎనిమిది జీబీల కంప్యూటర్ మెమరీ. ఆస్తుల రిజిస్టర్లో అలాగే రాసి ఉంది. కంప్యూటర్ మాత్రం నాలుగే ఉన్నాయంటుంది. పుట్టుకల కొత్త పుస్తకం అందులో తెరుచుకోవడానికి ఆరు కావాలి. (పాత పుస్తకం కాగితాలది. దానికేమీ అక్కర్లేదు కాబట్టి పేర్లన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించి రద్దు చేశారు.)

చేపలమ్మే వాసిటి మూడు నెలలుగా తిరుగుతోంది. సోమవారం కూతుర్ని ఒకటో తరగతిలో చేర్చాలి. పుట్టినట్టు కాగితం లేనిదే బడివాళ్లు చేర్చుకోరు.

"పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే పుట్టలేదంటారేంటయ్యా?"

"పుట్టలేదని ఎవరన్నారక్కా? మాకు గుర్తు రావట్లేదంటున్నాం, అంతే," అన్నాడు గుమస్తా ఎపేలి.

ఎపేలి తప్పేమీ లేదు. ప్రభుత్వ వస్తువులు పోతే నింపే ఫారం ఆ నాలుగూ కనబడని నాడే నింపాడు. 'చివరిసారి ఎక్కడ చూశారు?' అన్నచోట 'లోపల' అని రాశాడు. మూడు నెలలు వెతికి, నాలుగు జీబీలు పోయినట్టు రాజధాని సువాలోని పెద్దాఫీసు వాళ్లు ఉత్తర్వు పంపారు.

ఇంతలో వాసిటి తమ్ముడు జోనే వచ్చాడు. ఓడలో ఇంజన్లు చూసే మనిషి. కంప్యూటర్ డబ్బా విప్పి చూసి మూసేశాడు.

"మెమరీ ఎక్కడికీ పోలేదు. బయోస్‌లో, అంటే కంప్యూటర్ లోపలి సెటప్‌లో, ఒక సెట్టింగ్ ఆపేసి ఉన్నట్టుంది. ఆన్ చేస్తే సరి."

కంప్యూటర్ మళ్లీ ఆన్ చేయగానే తెర మీద 'సెటప్‌లో ప్రవేశించుటకు ఎఫ్2 నొక్కండి' అని వచ్చింది. ఎపేలి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ప్రవేశించడమంటే మాటలా? అడక్కుండా ఎలా వెళ్తావు?"

న్యాయమే. ఈ దీవుల్లో పరాయి ఊళ్లో అడుగుపెట్టాలంటే పెద్దమనిషి ముందు మత్తు పానీయం చేసే యంగోనా వేర్ల కట్ట పెట్టాల్సిందే. వాసిటి పరుగున వెళ్లి కట్ట తెచ్చి కీబోర్డు ముందు పెట్టింది. ఎపేలి కంప్యూటర్ తరఫున స్వీకరించి ఆచారం ప్రకారం మూడుసార్లు చప్పట్లు కొట్టాడు. కంప్యూటర్ తాగదు కాబట్టి వేర్లు దంచి నీళ్లలో కలిపి ఆ బాధ్యత సిబ్బందే తీసుకున్నారు. (అక్కడే ఉన్న నాకూ ఒక కొబ్బరి చిప్పెడు అందింది. అందుకే ఇంత నిష్పక్షపాతంగా రాయగలుగుతున్నాను.)

జోనే ఎఫ్2 నొక్కి సెట్టింగ్ మార్చాడు. ఎనిమిదీ కనబడ్డాయి. పుస్తకం తెరుచుకుంది, అందులో పిల్ల పేరు! వాసిటికి కళ్లనీళ్లు ఆగలేదు.

ప్రింట్ నొక్కబోయిన ఎపేలి ఆగిపోయాడు.

"మన నాలుగూ పోయాయని సువా వాళ్లు తేల్చేశారు కదా. మరి ఇవెవరివి?"

"అవే ఇవి, నాయనా!"

"అవి పోయాయక్కా, ఉత్తర్వుంది. ఇవెవరివో దొరికాయి. పరాయి సొత్తు వాడితే నా ఉద్యోగం ఊడుతుంది."

సెట్టింగ్ మళ్లీ ఆపేసి, దొరికిన వస్తువుల ఫారం తీశాడు. అది తేలడానికి మూడు నెలలు. కాబట్టి అధికారిక అంచనా ప్రకారం వాసిటి కూతురు మే నెలలో పుడుతుంది. అప్పటికి ఆ పిల్లకు ఏడేళ్లు నిండుతాయి.