కృష్ణబిలం పక్కన కాపురం

ప్రతి ఊరికీ నడుమ ఒక కృష్ణబిలం ఉండి తీరాలి. నవ్వకండి. మా తొండుపల్లికి 2008లోనే వచ్చింది. మీరు దాన్ని విమానాశ్రయం అంటారు.

లైబ్రరీ పుస్తకంలో చదివాను. పెద్ద గెలాక్సీల నడుమ దగ్గరికొచ్చిన దేన్నైనా మింగేసే ఒక మహా కృష్ణబిలం ఉంటుందట. దాని చుట్టూ నక్షత్రాలు బొజ్జలా ఉబ్బి ఉంటాయట. బొజ్జ ఎంత పెద్దదైతే బిలం అంత బరువు. రెండు గెలాక్సీలు ఢీకొంటే నక్షత్రాలు చెల్లాచెదురై బొజ్జ పెరుగుతుంది, బిలానికీ మేత దొరుకుతుంది. మాదీ అంతే కదా? హోటళ్లు, గోడౌన్లు, క్యాబుల ఆఫీసులు, ఫంక్షన్ హాళ్లు... ఎంత కళగల బొజ్జ!

లాభాలు చెప్పమంటారా? పొద్దుటి దుబాయ్ విమానం దాటేదాకా గోపయ్య బర్రె పాలు చేపదు, కాబట్టి మా వీధిలో గడియారాలు అక్కర్లేదు. చాయ్‌లో చక్కెర వేసి గిన్నెను కిటికీలో పెడితే చాలు, కలిపే పని రన్‌వే అదురుదే.

అన్నిటికన్నా గొప్ప మేలు వీడ్కోళ్లలో జరిగింది. మునుపు ఎవరైనా ఊరు దాటుతుంటే బస్సు వచ్చేదాకా ఏడ్చేవాళ్లం, వెళ్లాక మళ్లీ ఏడ్చేవాళ్లం. ఇప్పుడు? విమానాశ్రయం ముందు కారు ఆగిన నిమిషానికే గార్డు విజిల్ వేస్తాడు. ఏడుపు సగంలోనే ఆగిపోతుంది. కళ్లకు ఎంత ఆరోగ్యం!

ఇంత చెప్పినా మా ఎదురింటి చంద్రమ్మకు ఎక్కలేదు. విమానాశ్రయం రోడ్డు వెడల్పులో ఆమె ఇల్లు పోతోంది.

"ఐతారం బడంగ్‌పేటకు పోతున్నమక్కా," అంది.

"మంచిదే. గెలాక్సీలు ఢీకొన్నా నక్షత్రానికి నక్షత్రం తగలదట. జాగ మారుతది, అంతే."

"నక్షత్రాలు బతుకమ్మ ఆడుతయా? పోయినేడు గుండ్రంగ తిరగనీకి నలుగురమే మిగిలినం. నేను పోతే ముగ్గురు. ఇగ ఎట్ల తిరుగుతరు?"

"త్రిభుజంగ."

నవ్వుతూనే కొంగు కళ్లకు ఒత్తుకుంది. ఓదార్చే మాట దొరుకుతుందేమోనని చేతిలోని పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను. తిప్పకుండా ఉండాల్సింది.

కొన్ని గెలాక్సీలకు అసలు బొజ్జే ఉండదట. పళ్లెంలా పలచగా, ఎవరితోనూ ఢీకొనకుండా తమ మానాన తిరుగుతుంటాయట. అయినా వాటి నడుమ కూడా లక్షల సూర్యుళ్ల బరువున్న బిలాలు కనిపించాయట. చుట్టూ తిరిగే ఒక్క వరసనైనా చెదరగొట్టకుండా, నింపాదిగా మేస్తూ పెరిగాయట.

చదివి వినిపించాను. చంద్రమ్మ కళ్ల మీది కొంగు దించింది.

"అంటే ఎవల్ని లేపకుంట గూడ పెరగొచ్చన్నట్టు."

"పెరగొచ్చట."

"మరి గీ ముచ్చట మన బిలానికి ఎవలు చెప్పలేదా?"

చెప్పినట్టు లేదు. అందుకే రోడ్డు గీత గీసిన పెద్దలకు ఇక్కడి నుంచే విన్నవిస్తున్నాను. కృష్ణబిలం వరమే, నా మాట మీదే నేనున్నాను. ఇంకో రన్‌వే వేసుకోండి. ఆ గీతను మాత్రం చంద్రమ్మ గుమ్మానికి తగలకుండా ఇవతలికి జరపండి.

కుదరదంటారా? అయితే రోడ్డును ఇటువైపు కూడా ఓ ఆరడుగులు పెంచండి. ఇటు ఉన్నది నా ఇల్లే. బడంగ్‌పేటలోనైనా ఇద్దరం కలిసి బతుకమ్మ ఆడుకుంటాం.