సగం ధర బ్యాంకు

ఆ ఉదయం లెక్కల మాస్టారి పథకం చాలా చిన్నది: క్షవరం చేయించుకోవడం, ఆ వంకన కూతురి గొప్ప నలుగురికీ చెప్పడం. షేర్ల కంపెనీలో కొత్తగా చేరిన ఆ పిల్ల, రెండు బ్యాంకుల్ని పోలుస్తూ రాసిన మొదటి నివేదికను కాఫీ తాగుతూ ఆయనకు చదివి వినిపించింది.

"మన వీధి చివరి బ్యాంకు షేరు దాని పుస్తక విలువలో సగానికే దొరుకుతోంది నాన్నా. పక్క బ్యాంకుది దాని పుస్తక విలువకు రెండింతలు పలుకుతోంది. చవకని ఎగబడకూడదు, ఎందుకు చవకైందో చూడాలి."

మాస్టారి ఛాతీ ఉప్పొంగింది. సెలూన్ కుర్చీలో కూర్చుంటూనే అందుకున్నారు.

"మా అమ్మాయి లెక్కగట్టిందోయ్! మన బ్యాంకు సగానికి సగమట!"

అంతలో గడ్డం మీదికి కత్తి రావడంతో మిగతా మాట నోట్లోనే ఉండిపోయింది.

సెలూన్ అతను ఆ ముక్క పాలవాడి చెవిన వేశాడు. పాలవాడి నోట అది "దాచుకున్నదాంట్లో సగమే ఇస్తారట" అయింది. పదకొండయ్యేసరికి బ్యాంకు ముందు వరస వీధి మలుపు దాటింది.

మేనేజరు ఫోనులో లబోదిబోమన్నాడు. "అందరూ మీ పేరే చెబుతున్నారు మాస్టారూ! కొంప ముంచారు కదండీ!"

మాస్టారు కంగారుగా కూతురికి ఫోన్ చేశారు. కూతురి ఉద్యోగానికే ఎసరొచ్చేలా ఉంది. కబురందిన కూతురు ఆఫీసు నుంచి పరుగున వచ్చి, బ్యాంకు గుమ్మంలో బల్ల ఎక్కి నిలబడింది.

"బ్యాంకు ఆస్తుల్లోంచి మీ డిపాజిట్లతో సహా అది తీర్చాల్సిన బాకీలన్నీ తీసేస్తే మిగిలేది వాటాదారులది. దాన్ని షేర్లకి పంచితే వచ్చేదే పుస్తక విలువ. ఇక్కడది రెండొందలు, బజార్లో షేరు నూరు. బ్యాంకు ఇచ్చిన అప్పులు తిరిగి రాక మొండి బాకీలు పెరుగుతాయేమోనని కొనేవాళ్ళు జంకుతున్నారు. సగమైంది షేరు ధరండీ, మీ డిపాజిట్ కాదు!"

"అయితే మా సొమ్ము మాకు పూర్తిగా ఇస్తారా?" అన్నాడు పాలవాడు.

"ఇప్పుడే అడగండి, ఇప్పుడే ఇస్తారు."

ఇస్తారని తెలిశాక ఎవరికీ అక్కర్లేకపోయింది. వరస కరిగింది.

"ఇరవై ఏళ్ళ సర్వీసులో నేనింత తేలిగ్గా చెప్పలేకపోయానమ్మా," అని మేనేజరు చేతులు జోడించాడు.

"మా అమ్మాయే!" అన్నారు మాస్టారు, ఎవరూ అడక్కుండానే.

ఒక్కావిడ మాత్రం పాసుపుస్తకం పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆవిడ మేనేజరు భార్య.

"మీకింకా అర్థం కాలేదా పిన్నిగారూ?"

"శుభ్రంగా అర్థమైందమ్మా. మొండి బాకీలన్నావు చూడు, ఆ అప్పులిచ్చేది మా ఆయనే."

ఆ రోజు డబ్బు వెనక్కి తీసుకున్నది ఆవిడ ఒక్కతే.