మేనేజరుగారి గదిలో గాభరా గుమాస్తా

ఆఫీసులో అందరూ ఆయన్ని గాభరా గుమాస్తా అనేవారు. ఫోను మోగితే ఉలిక్కిపడే మనిషి అంతపనికి ఎలా ఒడిగట్టాడో ఆ పైవాడికే తెలియాలి.

జరిగిందేమిటంటే, మేనేజరుగారు భార్యతో రెండు రోజులు సరదాగా గడుపుదామని ఊళ్లోని పాత హోటల్లో గది తీసుకున్నారు. పై అంతస్తులో హోదా ఉన్నవాళ్లు కూర్చునే లాంజిలోకి ప్రవేశం ఉన్న గది. తీరా ఆవిడకి పన్నునొప్పి వచ్చింది. గది రద్దు చెయ్యమని గుమాస్తాకి చెప్పారు. ఆయన తల ఊపాడు గానీ రద్దు చెయ్యలేదు. ఇంటికెళ్లి, తన పని మెచ్చి కంపెనీ ఆ గది బహుమతిగా ఇచ్చిందని భార్యతో అనేశాడు. పెళ్లయ్యాక ఆవిడ తనకేసి అంత గౌరవంగా చూడడం అదే మొదలు. ఇక వెనక్కి తగ్గడం ఎలా?

హోటలు ఒకప్పుడు గొప్పదే. ఇప్పుడు లిఫ్టు మూలుగుతోంది, తివాచీ నడిచినంతమేరా అరిగిపోయింది, వేడినీళ్ల కుళాయి తిప్పితే ముందు దగ్గు, తరవాత చన్నీళ్లు. గుమాస్తా ఇవేవీ చూడలేదు. కౌంటరులో "రండి మేనేజరుగారూ" అన్నప్పటినుంచీ, అసలు మేనేజరు వెనకే ఉన్నాడేమోనని తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు.

లాంజిలో సోఫా మీద కూర్చోగానే నడుందాకా కూరుకుపోయాడు. భార్య తాపీగా కాఫీ చప్పరిస్తోంది.

"మిమ్మల్ని మేనేజరంటున్నారేమిటండీ?"

"ఇక్కడ అందర్నీ అలాగే అంటారు."

"ఆ పక్కాయన్ని డాక్టరుగారూ అన్నారే."

"ఆయన కొత్తేమో."

"మరి ఆ వణుకేమిటి?"

"ఏసీ ఎక్కువైంది."

"ఏసీ పాడైందని తలుపు మీద కాగితం అంటించారుగా."

ఇంతలో కాఫీలిచ్చే పెద్దాయన వచ్చి, మీ ఆఫీసువాళ్లు కింద ఉన్నారు, పైకి వస్తున్నారని వినయంగా చెప్పాడు.

గుమాస్తాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉద్యోగం పోతే పిల్ల చదువేమవుతుంది? ఇంట్లో తన ముఖం ఎలా చూపించాలి? నిజంగానే ఏడుపొచ్చింది. సోఫాలోంచి ఎలాగో పెకలించుకుని లేచి, కిటికీకున్న దళసరి పరదా వెనక దూరాడు. ఆ దుమ్ము హోటలంత పాతది. ఆపుకోలేక ఒక్క తుమ్ము తుమ్మాడు. పరదా, దాని కడ్డీ, మొత్తం వచ్చి నెత్తిన పడ్డాయి.

చీకట్లో మేనేజరుగారి గొంతు వినిపించింది. ఆ వెంటనే తన భార్య గొంతు.

"బయటికి రండి. అక్కయ్యగారికి పన్నునొప్పి తగ్గిందట."

పరదాలోంచి తల ఒక్కటే బయటపెట్టాడు. ఎదురుగా మేనేజరుగారూ, ఆయన భార్యా నిలబడి ఉన్నారు. లాంజికి ఏ చీర కట్టుకోవాలో తెలియక గుమాస్తా భార్య మొన్ననే మేనేజరుగారి భార్యకి ఫోన్ చేసిందట. అక్కడే అబద్ధం అడ్డంగా దొరికిపోయింది. రద్దు గడువు దాటిపోయిన గదే కదా, వాడుకోండి, సాయంత్రం మేమూ వస్తామని మేనేజరుగారి భార్య నవ్విందట. అంటే పొద్దుటినుంచీ ఆయన పడ్డ భయమంతా భార్య తీరిగ్గా చూస్తూనే ఉంది.

"ముందే చెప్పొచ్చు కదే," అన్నాడు నీరసంగా.

"మీరు చెప్పారా?" అంది. ఆవిడ గొంతులో కోపం కన్నా కష్టమే ఎక్కువ వినిపించింది. "బహుమతి అన్నారని అమ్మకి కూడా గొప్పగా చెప్పుకున్నాను."

గుమాస్తా తల దించుకున్నాడు.

"ఈ రాత్రికి గది మా ఇద్దరిదీ," అంది మేనేజరుగారి భార్య. "మగవాళ్లు ఇంటికి పొండి."

పరదా సంగతి హోటలువాళ్లతో తనే మాట్లాడతానన్నారు మేనేజరుగారు. మగవాళ్లిద్దరూ లిఫ్టు ఎక్కారు. తలుపు మూసుకోబోతుంటే కాఫీలిచ్చే పెద్దాయన వంగి గుమాస్తాకి నమస్కారం పెట్టాడు.

"మళ్లీ రండి మేనేజరుగారూ."

"వస్తారు," అన్నారు మేనేజరుగారు, గుమాస్తా భుజం మీద చెయ్యేసి. "ఈసారి నన్నడిగి వస్తారు."

లిఫ్టు మూలుగుతూ కిందికి దిగింది. మూలిగింది లిఫ్టు ఒక్కటే కాదు.