చంక కింద మెట్లు

"బొమ్మ బాగానే ఉందమ్మా. నువ్వు మరీ దగ్గర్నుంచి చూస్తున్నావ్," అన్నాడు మా పెద్దాడు మళ్లీ.

"దగ్గర్నుంచి చూడక, ఎదురింటి మేడెక్కి చూడమంటావా?" అన్నాను.

పొద్దున కాఫీ దగ్గర మొదలైన ఈ వాదన మధ్యాహ్నానికి బట్టలు ఆరేసే తీగ దాకా వచ్చింది. మా ఆయన ఎప్పటిలాగే ఎవరి పక్షమూ చేరకుండా పేపర్ చాటున ఉన్నారు. చివరికి నేనే మారిపోయాను. కాబట్టి పాఠకులారా, గట్టిగా చెబుతున్నాను: వెబ్‌పేజీల్లో అలికేసినట్టు కనిపించే బొమ్మలు మానవజాతికి దక్కిన వరం!

నమ్మరా? వినండి మరి.

నేను కుట్టుపని నేర్పుతాను. చొక్కాలకూ గౌన్లకూ కత్తిరింపు బొమ్మలు కంప్యూటర్లో నేనే గీస్తాను. వెక్టర్ బొమ్మలంటారు వాటిని. తలుపంత పెద్దవి చేసినా గీత గీతలాగే ఉంటుంది. నా పాఠాల వెబ్‌సైట్ చూసేది పెద్దాడు. బొమ్మలను ఉన్నవున్నట్టు పెడితే పేజీ బరువెక్కి మెల్లగా తెరుచుకుంటుందట. అందుకని వాటిని చిన్న చిన్న ఇమేజ్ ఫైళ్లుగా మార్చి ఎక్కిస్తాడు. పథ్యం పెట్టిన మనిషిలా అవి చిక్కిపోతాయి.

దూరపు కొండలు నునుపంటారు. మా బొమ్మలకు ఆ మొహమాటం లేదు. నేను గుండ్రంగా తీసిన చంక వంపు వెబ్‌సైట్‌లో మెట్లు మెట్లుగా దిగుతుంది. ఒక విద్యార్థిని ఆ మెట్లన్నీ ఎంతో శ్రద్ధగా కత్తిరించి ఫొటో పంపింది. గురువు మాట ఇంత తు.చ. తప్పకుండా పాటించే శిష్యులు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

ఇంకో పాఠంలో వెనక ఖాళీగా ఉండాల్సిన చోటంతా మార్పిడిలో నల్లబడింది. నల్లటి పలక మీద నల్లటి గీతలు! ఆ పాఠం మీద ఇప్పటిదాకా ఒక్కరూ సందేహం అడగలేదు. ఏ టీచరుకైనా ఇంతకన్నా ఏం కావాలి?

పైగా అందులో ప్రజాస్వామ్యం ఉంది. నా బొమ్మలో కాలరు ఉంటే కాలరే కనిపిస్తుంది, ఎంత నియంతృత్వం! పెద్దాడు మార్చాక కొందరికి కాలరు కనిపిస్తుంది, కొందరికి జేబు, మా అత్తగారికి బాతు.

ఈ వరం వైభవాన్ని ఇలాగే తలుచుకుంటూ ఉండేదాన్నే. ఈలోగా కూరగాయల కొట్టు నడిపే ఒక శిష్యురాలు ఫోన్ చేసింది.

"అక్కా, మీ బొమ్మలో గీత ఎక్కడుందో అక్కడే కత్తిరించానక్కా. గౌను కుట్టాక చెయ్యి దూరట్లేదు. పక్కింటావిడ బట్ట. నన్ను నమ్మి ఇచ్చిన మొదటి బట్ట."

నా బొమ్మలో బయటి సన్నగీత కత్తిరించడానికి, లోపలి చుక్కల గీత కుట్టడానికి. బక్కచిక్కే క్రమంలో సన్నగీత మాయమైంది. చుక్కలన్నీ అతుక్కుని ఒకే గీతయ్యాయి. పాపం ఆవిడ కుట్టాల్సిన చోట కత్తెర పెట్టింది, కుట్టులోకి పోవాల్సిన బట్ట మిగల్లేదు.

"పెద్దది చేసి చూసుకోవాల్సింది," అన్నాడు పెద్దాడు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

మసకను పెద్దది చేస్తే పెద్ద మసక వస్తుంది కదరా నాయనా!

అప్పుడు పేపర్ కిందికి దిగింది. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు అటూ ఇటూ నొక్కారు.

"ఒరేయ్, పేజీ పైన నీ ఫొటో ఉందే, అదొక్కటే, నువ్వు మార్చకముందున్న మీ అమ్మ బొమ్మలన్నిటికన్నా బరువు. మీ అమ్మవి అసలు బరువే లేవు."

నిజమే, పేజీ తెరవగానే 'రూపకర్త' అన్న పేరు కింద మావాడు నవ్వుతూ ఉంటాడు. ఆ ఫొటోకు ఏ పథ్యమూ లేదు. గడ్డంలో వెంట్రుకలు ఏరి లెక్కపెట్టుకోవచ్చు. అక్కడి నుంచి రెండు వేళ్లు కిందికి జరిగితే నా పాఠం మొదలవుతుంది, చంక కొలత కనిపించదు.

"అది డిజైన్ నాన్నా," అన్నాడు వాడు.

నేను వాదించలేదు. కూరగాయల ఆవిడకు ఫోన్ చేసి, గౌను పట్టుకుని రమ్మన్నాను. పక్కల్లో ముక్కలు వేసి సరిచేద్దామన్నాను. "పక్కింటావిడతో నేను మాట్లాడతాను, తప్పు నీ కత్తెరది కాదని చెబుతాను," అన్నాను. ఆవిడ "సరే అక్కా" అంది.

రాత్రి భోజనాల దగ్గర పెద్దాడు అడిగాడు. "అమ్మా, ఆఫీసు ఫంక్షన్ దగ్గరికొచ్చేసింది. నా చొక్కా ఎప్పుడు కత్తిరిస్తావ్?"

అందరికీ వడ్డించి, నేనూ కూర్చున్నాక చెప్పాను.

"రేపు. ఇకనుంచి ఈ ఇంట్లో ఎవరి బట్టలైనా వెబ్‌సైట్‌లో ఉన్న బొమ్మ చూసే కత్తిరిస్తాను."